ఆలస్యమైందా? ఆలస్యం చేశామా?



మనము బెంగళూరులో ఉన్నా, చెన్నైలో ఉన్నా, బరంపురంలో, షోలాపూరులో, యానాంలో ఉన్నా మన ఇండ్లలో వినిపించేది ఒట్టి తెలుగు కాదు. చుట్టుప్రక్కల భాష కొంత అందులో కలిసి ఉంటుంది. దాని మీద ఇంగ్లీషు కలుస్తుంది. తరతరాల క్రితం వచ్చి స్థిరపడినవారి బ్రతుకులో ఇది సహజమే గనుక దానిని మేము తప్పు పట్టబోము. అయితే ఒక సంగతి మీ ముందు పెట్టదలచాము. ఒక పని అనుకున్న వేళకు జరగనప్పుడు, లేక జరుగుతున్న పని మధ్యలో చెడినప్పుడు, మన నోట మొదట వచ్చేది ఇంగ్లీషు మాటే. డిలే అయ్యింది, పెండింగ్‌లో ఉంది, పోస్ట్‌పోన్ అయ్యింది, చిన్న సెట్‌బ్యాక్ వచ్చింది, ప్రాసెస్‌లో ఉంది, ఏదో టెక్నికల్ ప్రాబ్లమ్ అట. మంచి వార్తను తెలుగులో చెప్పేవారు కూడా ఆలస్యపు వార్తను ఇంగ్లీషులో చెబుతారు. ఎందుకు?

ఇది భాషాభిమానానికి సంబంధించిన ప్రశ్న అని మేము అనుకోవడం లేదు. నడవడికి సంబంధించిన ప్రశ్న అని అనుకుంటున్నాము. ఒక మాట పలికినప్పుడు అందులో పని చేయవలసిన మనిషి కనిపిస్తున్నాడా, దాక్కుంటున్నాడా? మనము అడగవలసినది ఇదే.

పరాయి మాట అయినంత మాత్రాన చెడ్డది కాదు. మనము రోజూ వాడే "వాయిదా" కూడా మన సొంత మాట కాదు. అది అరబ్బీలో పుట్టి, పారసీ, ఉర్దూల మీదుగా మన దగ్గరకు వచ్చింది. హిందీ, ఉర్దూ తెలిసినవారు "వాదా" అనే మాట వినే ఉంటారు. వాదా అంటే ఇచ్చిన మాట, ప్రమాణము. మన వాయిదాకు మూలం అదే. అప్పు తీర్చడానికి ఒప్పుకున్న గడువు వాయిదా, ఆ గడువున కట్టవలసిన సొమ్ము వాయిదా. అంటే వాయిదా వేయడం అంటే పనిని తప్పించుకోవడం కాదు, మరొక రోజుకు మాట ఇవ్వడం. ఈ అర్థాన్ని గుర్తు పెట్టుకుంటే ఈ వ్యాసంలో తక్కిన సంగతులు సులభంగా తెలుస్తాయి.

మేము ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న రోజుల్లో వ్యాకరణం పిల్లలకు ఎలా చెప్పాలో నేర్చుకున్నాము. కర్త, కర్మ, క్రియ. ఇంగ్లీషు మాట తెలుగులోకి వచ్చినప్పుడు ఒంటరిగా రాదు. దాని ప్రక్కన "చేయు" అయినా ఉండాలి, "అవు" అయినా ఉండాలి. "మీటింగు పోస్ట్‌పోన్ చేశాను" అంటే చేసినవాడు ఉన్నాడు. "మీటింగు పోస్ట్‌పోన్ అయ్యింది" అంటే మీటింగు తనంతట తానే లేచి ఇంకొక తారీఖుకు వెళ్ళిపోయింది. ఒక వారం పాటు మన ఇండ్లలోను, ఆఫీసుల్లోను చెవి ఒగ్గి వినండి. తాము చేసిన పని మంచిదైతే "చేశాను" అంటారు. పాడైతే "అయ్యింది" అంటారు. "స్కూటరు రిపేరు చేయించాను" అన్న నోరే "ఫీజు కట్టడం డిలే అయ్యింది" అంటుంది. తెలుగులో "ఆలస్యమైంది" అని కూడా అనవచ్చును గదా అంటారేమో. నిజమే. తెలుగులోనూ ఆ సందు ఉంది. ఆలస్యం అనే మాట చరిత్ర చూసినా అదే కనిపిస్తుంది. సంస్కృతంలో ఆలస్యం అంటే సోమరితనం. అది మనిషి గుణాన్ని చెప్పే మాట. తెలుగులోకి వచ్చేసరికి అది గడియారానికి సంబంధించిన మాటగా మారింది. మనిషి మీద ఉండవలసిన బరువును కాలం మీదికి నెట్టడం ఇంగ్లీషు వచ్చాక మనము నేర్చుకున్నది కాదు. ఇంగ్లీషు ఆ దారిని ఇంకా నున్నగా చేసింది, అంతే.

రైల్వే స్టేషనులో వినిపించే ప్రకటన చూడండి. దూర ప్రయాణాలు చేసే మన కుటుంబాలకు అది కంఠతా వచ్చి ఉంటుంది. బండి ఇన్ని గంటలు ఆలస్యంగా నడుస్తున్నదని చెప్పి, ఇంగ్లీషులో "ఇన్‌కన్వీనియెన్స్ ఈజ్ డీప్లీ రిగ్రెటెడ్" అంటారు. విచారించబడుచున్నది అని దాని అర్థం. విచారించేది ఎవరో అందులో లేదు. అదే ప్రకటన తెలుగులో "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అని వస్తుంది. ఆ "ము" అనే చిన్న అక్షరంలో రైల్వేవారు ఉన్నారు. తెలుగు క్రియ తన చివర మనిషిని మోసుకొని తిరుగుతుంది. అంతమాత్రాన తెలుగు ప్రకటన చేసినవారికి ఎక్కువ విచారం ఉన్నదని కాదు. కానీ "చింతిస్తున్నాము" అన్నవారిని "అయితే ఏమి చేస్తారు?" అని అడగవచ్చును. ఆ ప్రశ్నకు రైల్వే నియమాల్లో జవాబు కూడా ఉంది. మనము ఎక్కవలసిన స్టేషనులో బండి 3 గంటలకు మించి ఆలస్యమై, మనము ప్రయాణం మానుకుంటే, బండి కదలకముందే నియమం ప్రకారం అడిగిన యెడల టిక్కెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి ఇస్తారు. విచారం మాటలో ఆగక సొమ్ము దాకా వచ్చినప్పుడే దానికి విలువ.

ఇంగ్లీషు భాషలో ఈ విషయమై మాటలు తక్కువ అనుకోకండి. ఆ భాషవారు ఎంతో వివరంగా మాటలు పెట్టుకున్నారు. సెట్‌బ్యాక్ అంటే కొంత దూరం ముందుకు పోయినవాడు వెనక్కు నెట్టబడడం. మొదలే పెట్టని పనికి సెట్‌బ్యాక్ ఉండదు. నగరంలో ఇల్లు కట్టుకున్నవారికి ఈ మాట మరొక అర్థంలో బాగా తెలుసు: సరిహద్దుకూ కట్టడానికీ మధ్య వదలవలసిన ఖాళీ స్థలం. ప్రోక్రాస్టినేషన్ అనే మాటలో లాటిను భాషలోని "రేపు" ఉంది. పనిని రేపటికి నెట్టేవాడి గుణం అది. మనకు కూడా అలాంటి మాటలకు లోటు లేదు. బయటి నుండి అడ్డం వస్తే ఆటంకం. జరుగుతున్నది మధ్యలో తెగితే అంతరాయం. దెబ్బ తగిలి వెనక్కు పడితే ఎదురుదెబ్బ. చేయగలిగి కూడా చేయకుండా నాన్చితే తాత్సారం. కావాలని రోజులు గడిపితే కాలయాపన. ఈ ఐదు మాటల్లో మొదటి మూడింటికి జాలిపడాలి, చివరి రెండింటికి జవాబు అడగాలి. రెండు భాషల్లోనూ ఇంత వివరం ఉండగా, మనము అన్నిటినీ "డిలే" అనే ఒక్క సంచిలో వేసి మూతి కట్టాము. వర్షానికి రోడ్డు తెగి రాలేకపోయినవాడూ, నిద్ర లేవక రానివాడూ ఆ సంచిలో ప్రక్కప్రక్కనే కూర్చున్నారు. వర్షంలో తడిసినవాడికి ఇది అన్యాయం గదా.

ఇక రెండవ సంగతి, తేదీ. ఇంగ్లీషులో "అడ్జర్న్" అనే మాట పాత ఫ్రెంచి నుండి వచ్చింది. అందులో ఉన్న "జూర్" అంటే దినము. ఫలానా దినానికి పెట్టడం అని దాని అసలు అర్థం. మన వాయిదాలో మాట ఉన్నట్లే వారి అడ్జర్న్‌మెంటులో దినము ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 17వ ఆర్డరు కూడా ఇదే చెబుతుంది: విచారణ వాయిదా వేస్తే కోర్టు తరువాతి తేదీని నిర్ణయించాలి, ఆ వాయిదా వల్ల అయిన ఖర్చుల సంగతి కూడా తేల్చాలి. ఒక కక్షిదారునికి విచారణ కాలంలో మూడుసార్లకు మించి వాయిదా ఇవ్వరాదని 1999లో చేసిన సవరణ 2002 జులై 1 నుండి అమలులోకి వచ్చింది. కోర్టుల్లో వ్యాజ్యాలు ఏండ్ల తరబడి సాగుతాయని మనకు తెలుసు. అయినా ఆ నియమం వెనుక ఉన్న ధర్మం చక్కనిది: వాయిదాకు తేదీ ఉండాలి, లెక్క ఉండాలి, దాని ఖరీదు ఎవరు భరించాలో తెలియాలి. తేదీ లేకుండా సభను ముగిస్తే పత్రికలవారు "నిరవధికంగా వాయిదా" అని వ్రాస్తారు. అవధి లేని వాయిదా అన్నమాట. కర్ణాటకలో ఉన్న మనవారికి తెలుసు, ఒకప్పుడు అక్కడ ఇంటి తలుపుల మీద "నాళె బా" అని వ్రాసేవారు. తెలుగు ఊళ్ళలో "ఓ స్త్రీ రేపు రా" అని వ్రాసేవారు. దయ్యం వచ్చి చదువుకొని వెళ్ళిపోతుందని, మరునాడు వచ్చినా అదే చదువుతుందని వారి నమ్మకం. ఆ నమ్మకం సంగతి అలా ఉంచండి. తేదీ లేని "రేపు" ఎన్నటికీ రాదని ఆ వ్రాసినవారికి బాగా తెలుసు. అప్పు అడగడానికి వచ్చిన పేదవాడికి, జీతం అడగడానికి వచ్చిన పనివాడికి "పెండింగ్‌లో ఉంది, చూద్దాం" అని చెప్పి పంపినప్పుడు మన తలుపు మీద కూడా అదే వ్రాత ఉన్నట్లు.

పెండింగ్ అనే మాటకు మూలంలో వ్రేలాడడం అని అర్థం. ఫైలు వ్రేలాడుతోందని మనము అనుకుంటాము. ఫైలుకు నొప్పి లేదు. వ్రేలాడేది పెన్షను కోసం ఎదురుచూసే విధవరాలు, స్కాలర్‌షిప్పు రాక ఫీజు కట్టలేని కుర్రవాడు. ఈ సంగతి గ్రహించి చేసిన చట్టం ఒకటి ఉంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం మామూలు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఒక మనిషి ప్రాణానికి, స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటల్లో ఇవ్వాలి. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి సమాచార కమిషను రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 రూపాయలు దాటకుండా జరిమానా వేయవచ్చును. జరిమానా ఆఫీసుకు కాదు, ఆ అధికారికే. అంటే "పెండింగ్" అనే కర్త లేని మాటకు చట్టం ఒక కర్తను, ఒక తేదీని తగిలించింది. చట్టానికి ఇది తోచినప్పుడు మనకు తోచకూడదా?

మన పిల్లల చదువుల దగ్గరకు వద్దాము. పరీక్షలో ఒక పేపరు పోయిందనుకోండి. తమిళనాడులో చదివే బిడ్డ "అరియర్ ఉంది" అంటాడు. బెంగళూరులో "బ్యాక్‌లాగ్ ఉంది" అంటాడు. ముంబయిలో, పుణేలో "ఏటీకేటీ వచ్చింది" అంటాడు. ఒడిశా ఇంజినీరింగు కళాశాలల్లో "బ్యాక్ పేపర్" అంటాడు. జరిగింది ఒకటే. కానీ మాటలు ఒక్కొక్కటీ ఒక్కొక్క విధంగా చూస్తాయి. అరియర్ అంటే బాకీ, తీర్చవలసిన అప్పు. ఏటీకేటీ అనే అక్షరాల వెనుక ఉన్నది "టర్ములు కొనసాగించడానికి అనుమతింపబడినవాడు" అనే మాట. అందులో ఓటమి కనిపించదు, అనుమతే కనిపిస్తుంది. బ్యాక్‌లాగ్ అనేది మొదట పొయ్యిలో వెనుక భాగాన పెట్టే పెద్ద దుంగకు పేరు. నిప్పు ఆరిపోకుండా నిదానంగా కాలుతూ ఉండేది. మంచికే పెట్టిన దుంగ తరువాతి కాలంలో పేరుకుపోయిన పనికి పేరైంది. తెలుగులో మనము "పరీక్ష తప్పాడు" అంటాము. తప్పు అనే మాట అందులో ఉంది గనుక అది బిడ్డకు గట్టిగా తగులుతుంది. ఏది మంచిది? మా అనుభవంలో బిడ్డను నిలబెట్టే మాట "బాకీ". అందులో అవమానం తక్కువ, బాధ్యత ఎక్కువ. బాకీ ఉన్నవాడు చెడ్డవాడు కాడు, కానీ తీర్చవలసినవాడు. అయితే ఈ ఇంగ్లీషు మాటల అర్థం తెలియని తల్లిదండ్రులకు "ఏటీకేటీ వచ్చిందమ్మా" అని చెప్పి, వారు ఏదో బహుమానం వచ్చిందనుకొని సంతోషిస్తుంటే ఊరకుండే బిడ్డ అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు.

మాట అర్థం కాకపోతే సొమ్ము కూడా పోతుంది. 2020లో కరోనా సమయాన రిజర్వు బ్యాంకు మార్చి 27న ఒక ప్రకటన చేసింది. అప్పుల వాయిదాలు కట్టడానికి మూడు నెలల మారటోరియం ఇవ్వడానికి బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. మే నెలలో దానిని ఆగస్టు 31 దాకా పొడిగించింది. మారటోరియం అంటే లాటినులో జాగు చేయడం అనే మాట నుండి వచ్చినది, అంతే. అయితే పేరు పెద్దది గనుక ఆ ఆరు నెలలు ఈఎంఐ మాఫీ అనుకున్నవారు ఉన్నారు. మాఫీ వేరు, వాయిదా వేరు. 10 లక్షల అప్పు మీద 9 శాతం వడ్డీ అనుకుంటే నెలకు 7,500 రూపాయలు, ఆరు నెలలకు 45,000 రూపాయలు వడ్డీ పెరుగుతూనే ఉంది. వడ్డీ మీద వడ్డీ వేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న తీర్పు చెప్పింది గాని అసలు వడ్డీని కొట్టివేయలేదు. "ఆరు నెలలు కట్టనక్కరలేదు, కానీ వడ్డీ నడుస్తుంది, తరువాత మీరే కట్టాలి" అని తెలుగులో ఒక్క వాక్యం చెబితే నిదానంగా లెక్క వేసుకొనే కుటుంబాలు ఎన్ని ఉండేవో! ఆలస్యానికి ఖరీదు ఎవరు కడతారన్నది దాచిపెట్టే మాట అన్నిటికంటె ఖరీదైన మాట.

అన్నిటికంటె బరువైన సంగతి ఇప్పుడు చెబుతాము. చిన్నపిల్లల డాక్టర్లు "డెవలప్‌మెంటల్ డిలే" అనే మాట వాడతారు. మెడ నిలపడం, కూర్చోవడం, నడవడం, మాట్లాడడం ఆ వయస్సుకు రావలసినంతగా రాలేదని దాని అర్థం. ఇది వైద్యులు జాగ్రత్తగా ఎంచుకొన్న మాట. పసి వయస్సులో బిడ్డ రేపు ఎలా ఉంటాడో ఇప్పుడే తేల్చి చెప్పలేము గనుక ఆ మాట వాడతారు. కానీ మన ఇంట్లో ఆ మాట ఎలా వినబడుతుంది? డిలే అంటే మనకు రైలు గుర్తు వస్తుంది. డిలే అయిన రైలు ఎప్పటికైనా వస్తుంది, ప్లాట్‌ఫారం మీద కూర్చొని ఎదురుచూస్తే చాలు. "మన వంశంలో మగపిల్లలు మాట్లాడడం ఆలస్యమే, వాడి తాత కూడా నాలుగేండ్లకు మాట్లాడాడు" అని పెద్దలు ధైర్యం చెబుతారు. ప్రేమతోనే చెబుతారు. అయితే 18 నెలలు నిండినా నడవని బిడ్డకు, రెండేండ్లు నిండినా రెండు మాటలు కలిపి పలకని బిడ్డకు కావలసినది ఎదురుచూపు కాదు, పరీక్ష, తరువాత తర్ఫీదు. వినికిడి లోపం ఉంటే ఎంత త్వరగా తెలిస్తే అంత మేలు. 2013లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టిన బిడ్డ నుండి 18 ఏండ్లవారి దాకా ఇలాంటి లోపాలను కనిపెట్టడానికే ఏర్పడింది. అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలను చూసి, అవసరమైనవారిని జిల్లా కేంద్రానికి పంపుతారు. ఇక్కడ "డిలే" అనే మాట విని కూర్చుండిపోతే బిడ్డ బ్రతుకులో తిరిగి రాని నెలలు పోతాయి. కావున డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: ఇది తనంతట తాను సర్దుకొనేదా? మేము ఇప్పుడు ఏమి చేయాలి?

ఇంతవరకు చదివినవారిలో ఎవరైనా ఇలా అనవచ్చును: "అయ్యా, మెత్తని మాటలో కూడా మేలు ఉంది గదా. ఉన్నది ఉన్నట్టు చెబితే మనుష్యులు చితికిపోరా?" ఇది న్యాయమైన ప్రశ్న. మా శిక్షణ రోజుల్లో చదువులో వెనుకబడిన పిల్లలను గూర్చి చెప్పేటప్పుడు సిరిల్ బర్ట్ అనే ఇంగ్లండు మనస్తత్వవేత్త పేరు వచ్చేది. 1937లో ఆయన వ్రాసిన గ్రంథం పేరే "ది బ్యాక్‌వర్డ్ చైల్డ్". తరువాత ఆ మాట పోయి "స్లో లర్నర్" వచ్చింది. మొద్దు, మట్టిబుర్ర అని పిలవడం కంటె స్లో లర్నర్ అనడం వెయ్యి రెట్లు మేలు. ఉద్యోగం పోయినవాడి ఎదుట "చిన్న బ్రేక్ తీసుకున్నాడు" అని చుట్టాలతో చెప్పే భార్య మాటలో అబద్ధం వెదకడానికి మాకు మనస్సు రాదు. అక్కడ ఆ మాట భర్త మీద కప్పిన దుప్పటి.

అయితే దుప్పటి ఎవరి మీద కప్పుతున్నాము అన్నదే గీటురాయి. చలిలో ఉన్న ఎదుటివాడి మీద కప్పితే ప్రేమ. మనము చేసిన దాని మీద కప్పితే దాపరికం. కావున మేము చెప్పేది ఇది: ఎదుటివాని ఆలస్యానికి మెత్తని మాట వాడదాము, మన ఆలస్యానికి కర్త ఉన్న మాట వాడదాము. లోకంలో జరిగేది దీనికి తలక్రిందులుగా ఉంది. మనము ఆలస్యం చేస్తే "డిలే అయ్యింది", ఎదుటివాడు చేస్తే "కావాలని నాన్చాడు". పనిమనిషి అరగంట ఆలస్యంగా వస్తే ఆమెది నిర్లక్ష్యం, ఆమె జీతం పది రోజులు ఆలస్యంగా ఇస్తే అది "బ్యాంకు ప్రాబ్లమ్".

మన సంఘాల్లో, కమిటీల్లో, ఇండ్లలో దీనిని ఆచరించడం కష్టం కాదు. "అనివార్య కారణముల వలన కార్యక్రమము వాయిదా వేయబడినది" అని నోటీసు వ్రాస్తుంటాము. ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు అక్షరాల్లోకి దింపినదే గాని అది తెలుగు వాక్యం కాదు. కారణం లేదు, కర్త లేడు, తేదీ లేదు. దాని బదులు "హాలు బుక్ చేయడంలో మేము ఆలస్యం చేశాము. కార్యక్రమం వచ్చే నెల రెండవ శనివారం సాయంత్రం 5 గంటలకు జరుపుతాము. ఊరి నుండి టిక్కెట్లు కొనుక్కొన్నవారు కార్యదర్శిని కలిస్తే రద్దు ఖర్చులు ఇస్తాము" అని వ్రాయవచ్చును గదా. చేసినవారు ఎవరు, ఇక ఎప్పుడు, నష్టం ఎవరిది. ఈ మూడూ ఉంటే ఇంగ్లీషు మాట వాడినా బాధ లేదు. ఈ మూడూ లేకపోతే అచ్చ తెలుగు వాడినా మేలు లేదు.

మన పెద్దలు ఊరు విడిచి వచ్చినప్పుడు ఇంటికి ఉత్తరాలు వ్రాసేవారు. సొమ్ము పంపలేకపోతే "ఈ నెల పంపలేకపోయాను, వచ్చే పండుగకు రెండు నెలలది కలిపి పంపుతాను" అని వ్రాసేవారు. అందులో పెద్ద మాటలు లేవు. చదివిన తల్లి ఆ మాట పట్టుకొని షాపువాడితో బాకీ మాట్లాడుకునేది. మన పిల్లలు ఇంగ్లీషు బాగా నేర్చుకోవాలి, పైకి రావాలి. ఆ ఇంగ్లీషులో కూడా "ఐ డిలేడ్ ఇట్" అనే వాక్యం ఉందని మాత్రం వారికి మనమే నేర్పాలి.